ఫోనులో షుగరు లెక్క సరే, మనసు లెక్క ఎవరు చూస్తారు?

నవంబరు 14 అనగానే మనకు బాలల దినోత్సవం గుర్తుకు వస్తుంది. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా. ఇన్సులిన్‌ను కనుగొన్న వారిలో ముఖ్యుడైన డాక్టర్ ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఆ రోజున పుట్టారు. అందుకే ఆ తేదీని ఎంచుకున్నారు. పిల్లల రోజు, షుగరు రోజు ఒకటే కావడం మనకు ఒక సంగతి గుర్తుచేయాలి. షుగరు వ్యాధి పెద్దవాళ్లకే కాదు, బడికి వెళ్లే పిల్లలకు, కాలేజీలో చదివే యవ్వనస్థులకు కూడా వస్తుంది.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో 20 ఏళ్ల లోపు వయసులో టైప్-1 షుగరు ఉన్నవారు 2 లక్షల 20 వేలకు పైనే. వీరందరూ ప్రతిరోజూ ఇన్సులిన్ తీసుకోవలసినవారే. వారి షుగరు ఎంత ఉందో చెప్పే యంత్రాలు నేడు చాలా వచ్చాయి. కొన్ని ఆ అంకెను ఫోనులోనే చూపిస్తాయి. అయితే ఆ అంకెను చూసి చూసి అలసిపోయిన పిల్లల మనసును చూసేది ఎవరు? ఆ విషయంలో అదే ఫోను ఎంతవరకు సహాయపడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఈ వ్యాసం.

ఇది ఎవరి తప్పూ కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. టైప్-1 షుగరు మిఠాయిలు ఎక్కువ తినడం వల్ల రాదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున క్లోమ గ్రంథిలోని ఇన్సులిన్ తయారు చేసే కణాలను నాశనం చేయడం వల్ల వస్తుంది. అందుచేత మాత్రలతో, పథ్యంతో, కషాయాలతో ఇది తగ్గదు. బయటినుండి ఇన్సులిన్ ఇవ్వాల్సిందే.

"గర్భంతో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశానో" అని తల్లులు కుమిలిపోతారు. "ఎవరి పాపమో" అని చుట్టాలు గుసగుసలాడతారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు ప్రభువును అడిగింది కూడా సరిగ్గా ఇటువంటి ప్రశ్నే. ఆ మనిషి మీద గానీ, అతని తల్లిదండ్రుల మీద గానీ ఆయన నింద వేయలేదు. మనమూ వేయకూడదు. నింద పడిన ఇంట్లో పిల్లలు తమ బాధను బయటికి చెప్పరు.

మందు దొరికినా మాట దొరకలేదు

ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు చాలావరకు కొద్ది నెలలు, లేదా ఒకటి రెండు సంవత్సరాలే బ్రతికేవారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అదే సంవత్సరం ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి డాక్టర్ బాంటింగ్ దగ్గరకు వచ్చింది. ఆమె తండ్రి అమెరికా విదేశాంగ మంత్రి. ఆ రోజుల్లో తిండి బాగా తగ్గించడమే వైద్యం. మూడేళ్లు అలా అర్ధాకలితో గడపడం వల్ల దాదాపు 15 ఏళ్ల వయసులో ఆమె బరువు సుమారు 20 కిలోలు. ఇన్సులిన్‌తో ఆమె కోలుకుంది, చదువుకుంది, పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల తల్లి అయింది, 73 ఏళ్లు జీవించి 1981లో కన్నుమూసింది.

ఇంత గొప్ప స్వస్థత పొందిన ఆ స్త్రీ తనకు షుగరు ఉందన్న సంగతిని జీవితకాలమంతా తన పరిచయస్తుల దగ్గర దాచిపెట్టింది. డబ్బు ఉంది, పేరు ఉంది, ప్రపంచంలోకెల్లా మంచి వైద్యుడు దొరికాడు. అయినా "నాకు షుగరు ఉంది" అని పైకి చెప్పుకోలేకపోయింది. నూరేళ్లు దాటినా మన పల్లెల్లో, పట్టణాల్లో ఎందరో ఆడపిల్లలు అదే పని చేస్తున్నారు. హాస్టల్లో స్నేహితురాళ్లకు తెలియకుండా బాత్‌రూములో ఇంజెక్షన్ చేసుకుంటారు. "సంబంధాలు రావు, ఎవరికీ చెప్పకు" అని ఇంట్లోవాళ్లే నేర్పుతారు. దాచిపెట్టిన జబ్బుకు మందు వేళకు పడదు. దాచిపెట్టిన దుఃఖం సంగతి చెప్పనే అక్కరలేదు.

షుగరు విసుగు

రోజుకు నాలుగు ఇంజెక్షన్లు చేసుకునే పిల్లవాడికి సంవత్సరానికి 1,460 సూదులు. వేలు గుచ్చి చూసుకునే పరీక్షలు వేరు. తినబోయే ప్రతిసారీ లెక్క. ఆటకు ముందు లెక్క, పరీక్షకు ముందు లెక్క, నిద్రకు ముందు లెక్క. ఈ పనికి ఆదివారం సెలవు లేదు, పండుగ సెలవు లేదు. ఇంత చేసినా ఒక్కోరోజు షుగరు 300 దాటుతుంది. అప్పుడు "ఇక చాలు" అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ విసుగును, భయాన్ని, అపరాధ భావాన్ని కలిపి వైద్యులు డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. మనం షుగరు విసుగు అనుకుందాం. దీన్ని కొలవడానికి 1995లో అమెరికాలోని మానసిక శాస్త్రవేత్త విలియం పొలాన్‌స్కీ, ఆయన సహచరులు 20 ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేశారు. తరువాత పిల్లలకు, వారి తల్లిదండ్రులకు విడిగా ప్రశ్నలు వచ్చాయి. పిల్లల షుగరు వైద్యుల అంతర్జాతీయ సంఘం కూడా, రక్త పరీక్ష చేసినట్టే మనసు ఎలా ఉందో కూడా క్రమంగా అడగాలని చెబుతోంది.

షుగరు విసుగు, డిప్రెషన్ రెండూ ఒకటి కావు. విసుగు ఉన్న పిల్లవాడు షుగరు మాట ఎత్తితే చికాకు పడతాడు గానీ క్రికెట్ ఆడతాడు, పాటలు పాడతాడు, నవ్వుతాడు. డిప్రెషన్‌లో అన్నిటిమీదా ఆసక్తి పోతుంది. నిద్ర, ఆకలి మారిపోతాయి. రెండు వారాలకు మించి అలాగే ఉంటే తప్పనిసరిగా వైద్యునికి చూపించాలి.

మనసు, షుగరు రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. దిగులులో ఒంట్లో పెరిగే కొన్ని హార్మోనులు షుగరును పెంచుతాయి. దిగులుగా ఉన్నవాడు ఇంజెక్షన్ మరచిపోతాడు. షుగరు పెరిగితే నీరసం, నీరసంతో మరింత దిగులు. కొందరు అమ్మాయిలు బరువు తగ్గుతామని కావాలనే ఇన్సులిన్ తగ్గించుకుంటారు. ఇది చాలా ప్రమాదం. ఒంట్లో కీటోన్లు పెరిగి వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం వరకు వెళ్తుంది.

ఒక ముఖ్యమైన మాట. పిల్లవాడు ఉన్నట్టుండి కోపంగా, ఏడుపుగా, తికమకగా మాట్లాడితే ముందుగా షుగరు చూడండి. 70 కంటే తగ్గినా అలాగే ప్రవర్తిస్తారు. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఓదార్పు మాటలు ఆ తర్వాత.

ఫోను చేయగలిగిన మేలు

మొదటిది, ఫోనులో కౌన్సెలింగ్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ దీనికి ముఖ్య కేంద్రం. ఫోను నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫోను చేసి భాష ఎంచుకుంటే తెలుగులో మాట్లాడే శిక్షణ పొందిన కౌన్సెలర్ పలుకుతారు. అవసరమైతే మానసిక వైద్యునికి కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లమని దారి చూపుతారు. దీనికి స్మార్ట్ ఫోను కూడా అక్కరలేదు, మామూలు బటన్ల ఫోను చాలు. పట్నానికి బస్సెక్కి, "ఎక్కడికి వెళ్లొచ్చావు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోలేని పిల్లలకు ఇది పెద్ద ఆసరా. ఫోను చేసినప్పుడు "నాకు టైప్-1 షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాను" అని ముందే చెప్పాలి. అది తెలియకపోతే కౌన్సెలర్‌కు సగం కథే తెలిసినట్టు.

రెండవది, తనవంటి వారి తోడు. ఒక ఊరిలో టైప్-1 ఉన్న పిల్లవాడు ఒక్కడే ఉండవచ్చు. బడి మొత్తంలో సూది వేసుకునేది తానొక్కడే అన్న భావన ఒంటరితనాన్ని పెంచుతుంది. వైద్యుడో, నర్సో, డైటీషియనో చూసుకునే వాట్సాప్ గ్రూపులో పదిమంది అటువంటి పిల్లలు కలిస్తే, "నాకూ నిన్న 320 వచ్చింది" అన్న ఒక్క మాట మందులా పనిచేస్తుంది. అయితే గ్రూపులో ఎవరూ ఇంకొకరికి ఇన్సులిన్ మోతాదు చెప్పకూడదు. ఆ నియమం మొదటి రోజే పెట్టుకోవాలి.

మూడవది, పాఠాలు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన నర్సింగ్ ఆచార్యురాలు మార్గరెట్ గ్రే బృందం 11 నుండి 14 ఏళ్ల పిల్లలు 320 మందికి కంప్యూటరు ద్వారా పాఠాలు ఇచ్చి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒక పాఠ్యక్రమం ఒత్తిడిని ఎదుర్కోవడం, స్నేహితులకు తన జబ్బు గురించి ఎలా చెప్పాలి వంటి విషయాలు నేర్పింది. మరొకటి షుగరు సంరక్షణ నేర్పింది. రెండూ పూర్తి చేసిన పిల్లల్లో షుగరు అదుపు, జీవితం మీద తృప్తి మెరుగ్గా కనిపించాయి. దీన్నిబట్టి మనకు తెలిసేది ఏమిటంటే, మనసుకు పాఠం, ఒంటికి పాఠం రెండూ కలిస్తేనే పూర్తి లాభం.

నాలుగవది, సెన్సార్లు. చేతి పైభాగంలో అంటించే సెన్సారు చర్మం క్రింది ద్రవంలోని షుగరును కొలిచి ఫోనుకు పంపుతుంది. వేరే ఊరిలో ఉన్న తల్లిదండ్రులు కూడా తమ ఫోనులో చూసుకోవచ్చు. రాత్రివేళ షుగరు పడిపోతే మోగుతుంది కనుక చాలామంది తల్లులకు నిద్ర పడుతోంది. ఖరీదు వేలల్లో ఉంటుంది కాబట్టి అందరికీ అందదు. అది లేనంత మాత్రాన వైద్యం లేనట్టు కాదు. గ్లూకోమీటరు, ఒక నోటుపుస్తకం ఉన్నా చాలా సాధించవచ్చు.

ఫోను చేయలేనివి

ఫోనులో మంచి ఎంత ఉందో మోసం కూడా అంత ఉంది. "21 రోజుల్లో ఇన్సులిన్ మానిపిస్తాం" అనే వీడియోలు నమ్మి సూది మానేస్తే టైప్-1 పిల్లలు కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయంలో పడతారు. అటువంటి సందేశం ఎవరు పంపినా, చర్చి గ్రూపులోనే వచ్చినా, ఇంకొకరికి పంపకండి.

ఈమధ్య యవ్వనస్థులు తమ మనసులోని మాటలు కంప్యూటరు బుద్ధితో జవాబిచ్చే చాట్ యాప్‌లతో చెప్పుకుంటున్నారు. అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు కొంత ఊరటగా ఉండవచ్చు. కాని అది ముఖం చూడదు, వణుకుతున్న చేతిని గమనించదు, 108కి ఫోను చేయదు. చెప్పిన సలహా తప్పయినా ధైర్యంగానే చెబుతుంది. ఇన్సులిన్ మోతాదు గాని, చావు ఆలోచన గాని దాని చేతిలో పెట్టవలసిన విషయాలు కావు.

మరొకటి గోప్యత. యాప్‌లో వ్రాసుకున్న బాధ ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోవాలి. 2023లో మన దేశంలో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలని చెబుతోంది. పేరు, ఫోను నంబరు, ఫోటోలు అడిగే ప్రతి యాప్‌కూ ఇచ్చేయవద్దు. అలాగే ఇంట్లో ఒకే ఫోను ఉన్నచోట పిల్లవాడు కౌన్సెలర్‌తో మాట్లాడుతుంటే ఆ అరగంట అతనికి వదిలిపెట్టండి. ప్రక్కన నిలబడి వింటే ఆ మాటలు మాటలు కావు.

అంకెను చూసి తిట్టకండి

ఫోనులో అంకె చూడగానే చాలా ఇళ్లలో మొదటి ప్రశ్న, "ఏం తిన్నావురా మళ్లీ?" తల్లికి అది ప్రేమ, భయం. పిల్లవాడికి అది పోలీసు విచారణ. నాలుగుసార్లు ఇలా జరిగితే ఐదోసారి అబద్ధపు అంకె చెబుతాడు, లేదా పరీక్ష చేసుకోవడమే మానేస్తాడు. షుగరు తిండి వల్లనే పెరగదు. జ్వరం, పరీక్షల భయం, నిద్రలేమి, నెలసరి, ఎండలో పాడైన ఇన్సులిన్, ఇలా ఎన్నో కారణాలు.

బడి నుండి రాగానే అంకె అడగకుండా ముందు "ఈరోజు ఎలా గడిచింది నాన్నా?" అని అడిగి చూడండి. షుగరు మాట తర్వాత రావచ్చు. అంకె ఎక్కువ ఉంటే "సరే, ఇప్పుడు ఏం చేద్దాం?" అనండి. "చేద్దాం" అనే మాటలో తోడు ఉంది. వారానికి ఒక పూట షుగరు లెక్కలన్నీ తల్లో తండ్రో చూసుకుని, పిల్లవాడికి ఆ బాధ్యతనుండి కాస్త విశ్రాంతి ఇవ్వండి. సూది మాత్రం మానకూడదు.

సంఘం చేయగలిగింది

మన సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు ఉంటాయి. టైప్-1 ఉన్న యవ్వనస్థులు వైద్యుని అడగకుండా ఉపవాసం ఉండకూడదు, తిండి మానినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. పాస్టరు గారు ఈ మాట ప్రకటనల్లో ఒకసారి చెబితే, "అందరూ ఉపవాసం ఉంటే నేనొక్కడినే తింటున్నానే" అన్న సిగ్గు ఆ పిల్లవాడికి ఉండదు. స్వస్థత కొరకు ప్రార్థించడం మన విశ్వాసం. ఇన్సులిన్ మానడం విశ్వాసానికి ఋజువు కాదు. ప్రార్థించిన తర్వాత వేళకు సూది వేసుకోవడం దేవుడిచ్చిన మందును కృతజ్ఞతతో తీసుకోవడమే.

1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా అలసిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి ఇక చావే మేలనుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. దూత వచ్చి మొదట భోజనం, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ భోజనం పెట్టాడు. మాట్లాడటం తర్వాతి సంగతి. అంత గొప్ప ప్రవక్తకే అటువంటి దినం వచ్చినప్పుడు, మన పిల్లలకు వస్తే అది అవిశ్వాసం అనవద్దు. సండే స్కూలు టీచర్లు, యూత్ లీడర్లు తమ దగ్గర కాస్త గ్లూకోజు ఉంచుకోవడం, పిల్లవాడు సూది వేసుకుంటుంటే వింతగా చూడకపోవడం, వారం రోజులు కనిపించకపోతే ఒక ఫోను చేయడం కూడా సువార్తలో భాగమే.

వెంటనే కదలవలసిన సూచనలు

- "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" వంటి మాటలు, తనకిష్టమైన వస్తువులు పంచిపెట్టడం.
- కావాలని ఇన్సులిన్ మానడం, లేదా ఎక్కువ వేసుకోవడం.
- గదిలోనుండి బయటికి రాకపోవడం, చదువు, స్నేహితులు, తిండి అన్నీ వదిలేయడం.
- వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం, నోటినుండి పండిన పండు వంటి వాసన. ఇది మనసు సంగతి అనుకుని ఆలస్యం చేయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఆ రోజుల్లో ఇన్సులిన్ పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకుని, వేళకు వారే ఇవ్వాలి. 14416కి ఫోను చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 108 పిలవండి, లేదా నేరుగా అత్యవసర విభాగానికి రండి.

ఈ వారం చేయవలసిన పని

14416 నంబరును ఇంట్లో అందరి ఫోనుల్లో వ్రాసి పెట్టుకోండి. తర్వాతి సారి షుగరు ఓ.పి.కి వచ్చినప్పుడు రిపోర్టులు చూపించాక, "మా అబ్బాయి మనసు గురించి కూడా ఒక మాట అడగాలండీ" అని డాక్టరు గారితో అనండి. పిల్లవాడు ఒంటరిగా మాట్లాడాలంటే మీరు కాసేపు బయట కూర్చోండి. యవ్వనస్థులారా, మీరే స్వయంగా అడిగినా సరే. "అలసిపోయాను" అని చెప్పడం సిగ్గుపడవలసిన మాట కాదు. ఎలిజబెత్ హ్యూస్ ఆరోజుల్లో దాచుకున్నది ఈరోజు మీరు దాచుకోనక్కరలేదు.

మన పిల్లల శరీరాలకు, మనసులకు ఆ మహా వైద్యుడు నెమ్మదిని దయచేయును గాక. ఆయన ఆ పని చేసేటప్పుడు మన చెవులను, మన సమయాన్ని కూడా వాడుకొనును గాక.